లంద నుంచి మందు దాకా

వర్ని, బాన్సువాడ వైపు బతుకమ్మ పేర్చాలంటే ముందు తంగేడు పువ్వు కావాలి. తెలంగాణ రాష్ట్రపుష్పం కూడా అదే. ఆ చెట్టు బెరడు చేసిన మేలును మాత్రం తలచుకునేవాళ్లు తక్కువ. పల్లెల్లో మాదిగలు తరతరాలుగా తోళ్లు ఊనింది ఆ చెక్కతోనే.

పచ్చితోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, దంచిన తంగేడు చెక్క ఊరే లంద అనే తొట్టిలో రోజుల తరబడి ఉంచేవారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, చెక్కా నీళ్లూ నింపి వేలాడదీసేవారు. రసం మెల్లగా తోలులోంచి ఊరి బయటికి కారేది. రెండు రోజుల్లో కుళ్లిపోయే చర్మం అలా చెప్పుగా, మోట తొండంగా ఏళ్లపాటు నిలిచేది.

దీనికి కారణం చెక్కలోని టానిన్లు. అవి ప్రొటీన్లను పట్టి బిగిస్తాయి. నేరేడు పండు తింటే నాలుక పిడచకట్టేది కూడా ఇందుకే: లాలాజలంలోని ప్రొటీన్లను టానిన్లు ముడివేస్తే నోట్లో జారుడు పోతుంది. ఆయుర్వేదం ఈ వగరును కషాయమనే పేరుతో ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కించింది.

ఇంటివైద్యం నడిచింది ఈ గుణం మీదే. చిగుళ్లు వదులైతే నల్లతుమ్మ చెక్క కాచి పుక్కిలించడం, విరేచనాలకు దానిమ్మ తొక్క కషాయం తాగడం మన ఇళ్లలో పాత అలవాట్లు. కరక్కాయ పెచ్చులో సుమారు మూడో వంతు టానిన్లే. అయినా అది విరేచనం చేయిస్తుంది. మొక్క గుణమంతా ఒక్క పదార్థంలో ఉండదు మరి. పచారీ కొట్లో అమ్మే మాచికాయ నిజానికి కాయే కాదు. ఓక్ చెట్టు కొమ్మ మీద ఒక చిన్న కీటకం గుడ్డు పెట్టినచోట లేచే బుడిపె అది. టానిక్ ఆమ్లం తీయడానికి ముఖ్యమైన వనరుల్లో అదొకటి.

ఆ ఆమ్లాన్ని 1925లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఎడ్వర్డ్ డేవిడ్‌సన్ కాలిన గాయాలకు వాడారు. గాయం మీద గట్టి పొర కట్టింది, ఒంట్లోని నీరు కారిపోవడం తగ్గింది. ఆసుపత్రులు ఉత్సాహంగా అందుకున్నాయి. కానీ రెండో ప్రపంచయుద్ధంలో కాలిన పైలట్ల వేళ్లు ఆ పొర కింద బిగుసుకుపోయాయి. శస్త్రవైద్యుడు ఆర్చిబాల్డ్ మెకిండో దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. గాయం గుండా రక్తంలో కలిసిన టానిక్ ఆమ్లం కాలేయాన్ని దెబ్బతీస్తుందని కూడా తేలడంతో 1940లలో ఆ చికిత్స వెనకబడింది.

టానిన్ ప్రొటీన్‌ను ఎలా పట్టేస్తుందో లంద దగ్గరి చేతులకు ఎప్పుడో తెలుసు. ఎంత చెక్క వేయాలో, ఎన్నాళ్లు ఊరనివ్వాలో వాళ్లు చూపుతో, వేళ్లతో తేల్చేవారు. ఆ పనివాళ్లనే ఊరవతల ఉంచి, వాళ్ల నేర్పును విద్యగా లెక్కించకపోవడం పెద్ద అన్యాయం.

టానిన్లున్నవి వాడేవాళ్లకు రెండు మాటలు. విరేచనాలైన పసిబిడ్డకు కషాయం కాదు, ముందు ఓఆర్‌ఎస్ పట్టి డాక్టరుకు చూపించాలి. ఐరన్ మాత్ర వేసుకునేవారు టీ తాగడానికి ఒకటి రెండు గంటలు ఆగాలి. టీలోని టానిన్లు ఇనుమును కూడా పట్టేసి ఒంటికి అందనివ్వవు.