డేరా మడిచిన చేతులు

కామారెడ్డిలో డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పే రోజుల్లో ఒకసారి టావెర్నియర్ పాఠం చెప్పాను. ఫ్రాన్సు నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి. 1630 నుంచి 1668 దాకా ఆరుసార్లు తూర్పుదేశాలు తిరిగాడు. ఆ ప్రయాణాల పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. 1889లో వాలెంటైన్ బాల్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. అందులో బంజారాల బిడారుల వర్ణన ఉంది. పదివేలు, పన్నెండువేల ఎద్దులు ఒకే వరసలో. ఎదురుపడితే అవన్నీ దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. నాలుగు తెగలు, తెగకి ఒక్కటే సరుకు. ఒకరు గోధుమలు, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు.

ఇదంతా ఉత్సాహంగా చెప్పి, "మీ పక్క ఊళ్ళ తండాల వాళ్ళ ముత్తాతలు వీళ్ళే" అన్నాను. పొద్దున్నే మగవాళ్ళు ఎద్దుల మీద సరుకు ఎత్తుతుంటే ఆడవాళ్ళు డేరాలు మడుస్తారని టావెర్నియర్ రాశాడని కూడా చెప్పాను. ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. "మేడం, గా డేరా మడిచేటప్పుడు పసిపిల్లను ఎక్కడ పండవెట్టిందో రాయలేదా ఆయన?"

రాయలేదు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వేశాను. ఇంటికెళ్ళాక ఆ నవ్వు నాకే బాగోలేదు. ఎందుకంటే అంతకు రెండేళ్ళ ముందు టావెర్నియర్ స్త్రీలని "ఆదరంగా గమనించాడు" అని ఒక వ్యాసం రాశాను. ఎక్కడ అచ్చయిందో చెప్పను.

మళ్ళీ ఆ పేజీలు తీసి చదివాను. ఆయన గమనించాడు, నిజమే. ఆడవాళ్ళ నడుము చుట్టూ ఐదారు చుట్లు తిరిగిన బట్ట, నడుము పైన ఒంటినిండా పచ్చబొట్ల పూలు, వాటికి వేళ్ళ రసంతో అద్దిన రంగులు - చర్మమే పూలగుడ్డలా ఉందంటాడు. ఎద్దుల వరస ఎంత పొడుగో, దారి ఎన్నాళ్ళో, వజ్రం ఎంత తూగితే ఎంత ధరో లెక్కలతో చెప్పే మనిషికి ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ, రంగు మిగిలాయి. ఆయన స్త్రీలని అసలు లెక్కపెట్టలేదనుకునేరు. గోల్కొండ నగరంలో దరోగా రిజిస్టరులో ఇరవై వేలకు పైగా వేశ్యల పేర్లున్నాయని ఆయనే రాశాడు. వాళ్ళ దగ్గర రాజు పన్ను తీసుకోడు, కానీ వాళ్ళ వల్ల కల్లు అమ్మకం పెరిగి ఖజానాకి రాబడి వస్తుందనీ వివరించాడు. అంటే ఆడదాని వల్ల రాబడి కనిపించే చోట అంకె ఉంది. ఆమె పని వల్ల రాబడి సాధ్యమయ్యే చోట దృశ్యం ఉంది.

డేరా మడవడం నాకు పొద్దుటి దృశ్యంగా కనిపించడం మానేసింది. స్థిరమైన ఇల్లు లేని వ్యాపారం అది. రోజూ ఇల్లు విప్పి, మోసి, మళ్ళీ కట్టి, వండి, కని, పెంచే మనుషులు లేకుండా ఒక్క బస్తా ఉప్పు కూడా ఊరు దాటదు. మొగలు సైన్యాలు తిన్న బియ్యం ధరలో ఈ చాకిరీకి కట్టిన విలువ సున్నా. భక్తి దగ్గర మాత్రం ఆడపిల్లలు కనిపిస్తారు. కర్రకు చుట్టుకున్న పాము ప్రతిమని నిలబెడితే అందరూ మొక్కుతూ సాగిపోతారనీ, ఆడపిల్లలు మూడుసార్లు తిరుగుతారనీ రాశాడు.

చట్టం సంగతి ఇంకొక తీరు. బేరారులో పనిచేసిన కంబర్లెజ్ అనే ఇంగ్లీషు అధికారి 1882లో బంజారాల గురించి రాస్తూ ఒక రాగిరేకు కథ చెప్పాడు. 1630 ప్రాంతంలో షాజహాన్ వజీరు అసఫ్ ఖాన్ దక్కను దండయాత్రకి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో వెంట నడిచారట. అందుకు ప్రతిఫలంగా బంగారు అక్షరాల రాగిరేకు. ఇళ్ళ కుండల్లో నీళ్ళు, కప్పుల మీది గడ్డి తీసుకోవచ్చు, రోజుకి మూడు హత్యలు మాఫీ. ఆ నాయకుడి వారసులని నిజాం ప్రభుత్వం కూడా గుర్తించేదట. నిజమో, పెంచి చెప్పిందో, ఆ కథ రెండువందల యాభై ఏళ్ళు బతికింది. రాగిరేకు మీద ఒక్క ఆడపేరు లేదు. అదే రచనలో ఇంకోచోట, మంత్రగత్తె అని ముద్రపడిన స్త్రీని భర్తో దగ్గరి మగవాళ్ళో చంపాల్సి వచ్చేదని ఉంది. ఇది చదివి 'ఆటవికులు' అనేయడానికి తొందరపడకండి. కంబర్లెజ్ రాసింది, జాతులకి జాతులనే నేరస్థులని ముద్రవేసిన 1871 చట్టం తర్వాత. పైగా బాణామతి పేరుతో ఆడవాళ్ళని హింసించిన ఊళ్ళు మన చుట్టూ తక్కువేమీ కాదు, అక్కడున్నవి తండాలు మాత్రమే కాదు.

1900 ప్రాంతంలో హైదరాబాదు - గోదావరి లోయ రైలు కామారెడ్డి మీదుగా వచ్చింది. ఎల్లారెడ్డికి రాలేదు. బిడారుల వ్యాపారం అప్పటికే సన్నగిల్లింది, రైలుతో కథ ముగిసింది. చరిత్ర పుస్తకాలు దీన్ని 'బంజారాలు వృత్తి కోల్పోయారు' అని ఒక్క వాక్యంలో తేలుస్తాయి. ఎద్దు పోయింది, నిజమే. మోత పోలేదు, ఆడవాళ్ళ నెత్తి మీదికి వచ్చింది. నా చిన్నప్పుడు కట్టెలు, జిగురు, సీతాఫలాల గంపలు ఎత్తుకుని లంబాడా ఆడవాళ్ళు కామారెడ్డి బజారుకి వచ్చేవాళ్ళు. మా నాన్నది బెల్లం అడ్తి దుకాణం. వాళ్ళు నీళ్ళడిగితే మా నానమ్మ చెంబు తగలకుండా పైనుంచి దోసిట్లో పోసేది. మొయిలీల, గవ్వల చప్పుడు విని నేను ఉరికి వచ్చి అద్దాల రవికల వైపు చూసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే టావెర్నియర్ చూపుకీ నా చూపుకీ పెద్ద తేడా ఏం లేదు.

ఆ గవ్వలు, నాణేలు ఒకప్పటి మారకం సొమ్ము. పోగైన వ్యాపారమంతా ఆమె ఒంటిమీద కుట్టుకుని మోసింది, కరువొస్తే ముందు అవే విప్పి అమ్మింది. కానీ భూమి? ఇక్కడ మళ్ళీ చట్టం దగ్గరికి రావాలి. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. చదువులకీ ఉద్యోగాలకీ అది తలుపు తెరిచింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం విడిగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకి ఆ చట్టం వర్తించదు. కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుహక్కు ఇచ్చిన 2005 సవరణ కూడా ఆ గడప దగ్గరే ఆగింది. మిగిలింది ఆచారం. ఆచారం చెప్పేది పంచాయితీ, అందులో కూర్చునేది మగవాళ్ళు. దీన్ని సవరించే విషయం ఆలోచించమని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 జూలైలో ఒక గోండు కుటుంబం కేసులో, అడ్డుచెప్పే ఆచారం ఉందని రుజువు కానప్పుడు ఆడవారసులకి వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమంది. సెక్షన్ మాత్రం అలాగే ఉంది.

ఇది నాకు పుస్తకాల్లో తట్టింది కాదు. క్లాసులో లేచిన ఆ అమ్మాయే కిందటేడు ఫోన్ చేసింది. నాన్న పోయాక మూడెకరాలు ఇద్దరన్నల పేరు మీదికి మారాయట. తను వాటా అడిగితే, "మీకు ఆ చట్టం లేదమ్మా, తండాలో పెద్దమనుషుల్ని అడుగు" అని ఒక ఆఫీసులో పంపేశారట. "రాగిరేకు మీద లేము, పాసుబుక్కు మీద లేము మేడం" అంది నవ్వుతూ. ఏడుపు ఆపుకుంటూ నవ్విందని నాకు తెలుసు. వకీలుని చూపించాను. కేసు వేయాలా వద్దా అని ఇంకా ఊగిసలాడుతోంది. వేస్తే పుట్టింటి గడప మూసుకుపోతుంది, తీజ్ పండక్కి పిలిచేవాళ్ళుండరు.

ఈ శ్రావణంలో పిలిచారు, నన్నూ తీసుకెళ్ళింది. ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలకి నీళ్ళు పోస్తున్నారు. టావెర్నియర్ పేజీ జిరాక్సు తీసుకెళ్ళి, ఆమె వాళ్ళ భాషలో చెబుతుంటే విన్నాను. పామూ జెండా కథకి ముసలమ్మ తల ఊపింది. డేరాల మాట రాగానే ఆపమంది. పసిపిల్లని ఎక్కడ పెట్టేవాళ్ళో తన నానమ్మ చెప్పగా విన్నదట. పెరికెలో ఒకపక్క పిల్ల, ఇంకోపక్క ఉప్పు. పిల్ల బరువు చాలకపోతే పక్కన ఒక రాయి.

"యాడీ, పిల్ల ఏడిస్తే?" అని అడిగాను.

"ఎద్దు ఆగది కదా" అంది.