మాట కూడా మందే

1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసుకు పెనిసిలిన్ సూదివేసిన యువ వైద్యుడు చార్లెస్ ఫ్లెచర్. అది చాలు, చరిత్రలో పేరు నిలవడానికి. నాకు మాత్రం ఆయన కలమే ఎక్కువ ఇష్టం.

1962లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ పొగతాగడంపై వెలువరించిన నివేదికను సిద్ధం చేసిన కమిటీకి కార్యదర్శి ఆయనే. వైద్యుల భాషను వదిలి, సామాన్యుడికి అర్థమయ్యేలా రాశారు. రోగిని తిట్టలేదు, ప్రభుత్వాన్నే నిలదీశారు: ప్రకటనలకు కళ్లెం వేయండి, పన్ను పెంచండి, బహిరంగ స్థలాల్లో పొగ తగ్గించండి. మూడేళ్లకు బ్రిటన్ టీవీలో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాయి. అంతకుముందే, 1958లో, బీబీసీ తెరపై ఆసుపత్రి లోపలి సంగతులు జనానికి విప్పిచెప్పారు. కొందరు తోటి వైద్యులకది గిట్టలేదు.