హంతకు డెవడు? భార్య యెరుగదా?: రెండు దూరదర్శన నాటకములు - ప్రేక్షకుల తీర్పు

నాటకకర్త ఒక ప్రశ్నను మనస్సున నుంచుకొని నాటకమును నిర్మించును. చూచువాడు వేరొక ప్రశ్నతో దానిని చూచుట కలదు. ఈ రెండును ఒకటియైనప్పుడు నాటకము పండును. వేరైనప్పుడు ప్రేక్షకుడు తాను మోసపోయితినని తలచును. హత్యారహస్యమును వస్తువుగా గ్రహించిన దూరదర్శన నాటకములలో ఈ భేదము స్పష్టముగా కానవచ్చును. ఆ హత్యకు దాంపత్యములోని రహస్యమే మూలమైనచో అది మరింత హెచ్చును. ఇంగ్లండులో 2013లో ప్రసారమైన ‘బ్రాడ్‌చర్చ్’, అమెరికాలో 2020లో ప్రసారమైన ‘ది అన్‌డూయింగ్’ అను రెండు నాటకములును, వానిని చూచినవారి స్పందనయు ఇచ్చట పరిశీలింపబడుచున్నవి.

మన ప్రాచీనులకు రహస్యకథ తెలియనిది కాదు. భరతుడు నాటకకథను ముఖము మొదలుకొని నిర్వహణము వరకు ఐదు సంధులుగా విభజించి, నిర్వహణమున అద్భుతరసము నిలుపవలెనని విధించెను. కాళిదాసు శాకుంతలమునందలి రహస్యమును దాంపత్యమునకు సంబంధించినదే. గాంధర్వవివాహము లోకమునకు తెలియదు. దుర్వాసుని శాపము శకుంతలకు తెలియదు. అయినను ప్రేక్షకునకు నాల్గవ యంకముననే శాపము తెలిసియున్నది. కావున రాజు నిండు కొలువులో ఆమెను ఎరుగననునప్పుడు ప్రేక్షకుడు జాలితో కుందును, కారణమేమని వెదకులాడడు. అపరాధ పరిశోధక కథ యీ పద్ధతికి విరుద్ధము. అది ప్రేక్షకుని చీకటిలో నుంచి, ప్రతి పాత్రను అనుమానింపజేయును. కొమ్మూరి సాంబశివరావు రచించిన డిటెక్టివ్ యుగంధర్ నవలలను చదివిన తెలుగువారికి ఈ మార్గము సుపరిచితమే. నిర్వహణమున అద్భుతముండవలెనను భరతుని విధిని ఈ కథలు తెలియకయే పాటించుచున్నవి. కాని వానియందు అద్భుత మనగా ఊహింపని వ్యక్తి హంతకుడగుట మాత్రమే.

‘బ్రాడ్‌చర్చ్’ను క్రిస్ చిబ్నాల్ రచించెను. ఐ.టి.వి. సంస్థ దానిని 2013 మార్చి 4 నుండి ఏప్రిల్ 22 వరకు ఎనిమిది భాగములుగా ప్రసారము చేసెను. సముద్రతీరమునందలి ఒక చిన్న ఊరు. కొండచరియ క్రింద ఇసుకపై పదునొకండేండ్ల బాలుడు డానీ లాటిమర్ శవమై పడియుండును. విచారణ చేయువారు ఇద్దరు: ఊరికి క్రొత్తగా వచ్చిన అలెక్ హార్డీ, ఆ ఊరిలోనే పుట్టి పెరిగిన ఎల్లీ మిల్లర్. డేవిడ్ టెన్నంట్, ఒలీవియా కోల్‌మన్ ఆ పాత్రలను ధరించిరి. ఎల్లీ కుమారుడు మృతబాలునకు స్నేహితుడు. ఆమె ఉద్యోగమునకు పోగా ఇంటిని, బిడ్డలను చూచుకొనువాడు భర్త జో.

ఎనిమిది వారములు ఇంగ్లండు ప్రేక్షకలోకము ‘హంతకుడెవడు’ అను ప్రశ్నతో కాలము గడపెను. పందెములు కట్టించుకొను వ్యాపారులు సైతము పాత్రలవారీగా పందెములు స్వీకరించిరి. హంతకుని పేరు నటులలో అనేకులకు తెలియకుండ దాచబడినది. ప్రేక్షకుల యనుమానము ఒక వారము బాలుని తండ్రిపై, ఒక వారము మతగురువుపై, మరియొక వారము వార్తాపత్రికల దుకాణము నడుపు వృద్ధుడైన జాక్ మార్షల్‌పై వ్రాలుచు వచ్చెను. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ జాక్ పూర్వమొకప్పుడు చెరసాల ననుభవించినవాడు. ఆ సంగతి పత్రికల కెక్కగానే ఊరివారు అతనిని వేటాడిరి. అతడు నిర్దోషి, అయినను ఆ నింద భరింపలేక ప్రాణము తీసికొనెను. ఊరివారు చేసిన పనికిని, ఇంట కూర్చుండి అతనిపై పందెము కట్టిన ప్రేక్షకుడు చేసిన పనికిని గల దూర మెంత? రచయిత ఈ ప్రశ్నను నోటితో అడుగడు. అతని మరణముచేతనే అడుగును. ఆ పాత్రను ధరించిన డేవిడ్ బ్రాడ్లీకి 2014లో బాఫ్టా పురస్కారము లభించుట సముచితము.

తుదకు హంతకుడు జో మిల్లర్ అని తేలును. విచారించు స్త్రీ భర్తయే నేరస్థుడు. ఈ నిర్వహణము అద్భుతమే. కాని రచయిత దానిని చివరి క్షణము వరకు దాచిపెట్టలేదు. ఎనిమిదవ భాగము సగమైనను గడవకమునుపే రహస్యమును వెల్లడించి, మిగిలిన కాలమంతయు ఎల్లీ దుఃఖమునకు విడిచెను. అంతకుముందు ఒక సందర్భమున సూసన్ రైట్ అను స్త్రీ, తన భర్త తన కుమార్తెలపట్ల చేసిన ఘోరమును తాను ఎరుగనని చెప్పగా, నీ యింటిలో జరిగినది నీకెట్లు తెలియలేదని ఎల్లీ నిలదీసినది. ఇప్పుడు అదే ప్రశ్నను మృతబాలుని తల్లి బెత్ ఎల్లీని అడుగును. ప్రశ్న చక్రమువలె తిరిగి అడిగినదానిపైననే పడినది. అందువలన హంతకుని సరిగా ఊహించినవారును, తప్పుగా ఊహించినవారును ఆ కడపటి ఘట్టమున ఒకే విధముగా చలించిరి. పందెము గెలిచినవానికిని కంట నీరు తప్పలేదు.

ఇదే కథను అమెరికాలో 2014లో ‘గ్రేస్‌పాయింట్’ అను పేర పునర్నిర్మించిరి. టెన్నంట్ అందును నటించెను. మూలమును చూచినవారికి క్రొత్తదనముండుటకై ముగింపును మార్చిరి. ఆ నాటకము పది భాగములతో నిలిచిపోయెను. సమాధానమును మార్చినచో నాటకము క్రొత్తదగునను భావము, పొడుపుకథకు తగును గాని దాంపత్యకథకు తగదు.

ఇక ‘ది అన్‌డూయింగ్’. జీన్ హాన్ఫ్ కోరెలిట్జ్ 2014లో ప్రకటించిన నవల దీనికి మూలము. డేవిడ్ ఇ. కెల్లీ నాటకముగా వ్రాయగా, సుసానె బియర్ దర్శకత్వము వహించెను. హెచ్.బి.ఓ. సంస్థ 2020 అక్టోబరు 25 నుండి నవంబరు 29 వరకు ఆరు భాగములుగా ప్రసారము చేసెను. న్యూయార్కులో సంపన్నురాలగు గ్రేస్ పరుల దాంపత్యములలోని చిక్కులను విప్పి సలహా చెప్పు మానసిక చికిత్సకురాలు. భర్త జోనథన్ క్యాన్సరు సోకిన పసిబిడ్డలకు చికిత్స చేయు వైద్యుడు. నికోల్ కిడ్‌మన్, హ్యూ గ్రాంట్ ఈ దంపతులుగా నటించిరి. కుమారుని పాఠశాలలో చదువు వేరొక బాలుని తల్లి ఎలెనా హత్యకు గురియగును. జోనథన్‌కు ఆమెతో సంబంధము కలదనియు, వైద్యశాలలో ఉద్యోగము పోయిన సంగతిని ఇంట దాచెననియు బయటపడును. కథ ప్రారంభమైన కొలది కాలమునకే సాక్ష్యమంతయు అతనివైపే చూపుచుండెను.

ప్రేక్షకులు మాత్రము అతనిని నమ్మిరి. సరిగా చెప్పవలెనన్న, అతడు హంతకుడగుట మరీ సులభమని తలచి ఇతరులను అనుమానించిరి. భార్య గ్రేసే చంపినదని కొందరు, కుమారుడు హెన్రీ యని కొందరు, ధనికుడైన మామగారని కొందరు, గ్రేస్ స్నేహితురాలగు న్యాయవాది సిల్వియా యని కొందరు వాదించిరి. తుదకు హంతకుడు భర్తయే యని తేలగానే పెక్కుమంది నిరాశ చెందిరి. మొదటనే తెలిసినదానిని చెప్పుటకు ఆరు వారము లెందులకని వారి యాక్షేపము.

ఈ యాక్షేపమును తొందరపడి త్రోసిపుచ్చరాదు, పూర్తిగా అంగీకరింపనురాదు. మూలనవల పేరునకు ‘నీవు తెలిసికొని యుండవలసినది’ అని యర్థము. నవలలో భర్త కథారంగమునుండి తప్పుకొనును. న్యాయస్థానపు విచారణ లేదు. కథ యంతయు ఆమె కన్నులు తెరచుకొనుటయే. పరుల సంసారములను క్షణములో చదువగల స్త్రీ తన సంసారమును చదువలేకపోయినది. నాటకమును చూచినవారును అట్లే చేసిరి. కన్నుల యెదుట సాక్ష్యమున్నను, అందమైన ముఖమును, మృదువైన మాటను చూచి కాదనుకొనిరి. వేదాంతులు త్రాటిని చూచి పామని భ్రమించుటను దృష్టాంతముగా చెప్పుదురు. ఇచ్చట గ్రేసును, ఆమెతోపాటు ప్రేక్షకుడును పామును చూచి త్రాడనుకొనిరి. ఈ యర్థమున ప్రేక్షకుని నిరాశయే నాటకసత్యమునకు సాక్ష్యము.

అయినను దోషములో సగము నాటకకర్తది. ఆ రాత్రి గ్రేస్ హత్యాస్థలమునకు సమీపమున నడచుచుండెనని మూడవ భాగము చివర చూపిరి. ఐదవ భాగము చివర హత్యకు వాడిన సుత్తి కుమారుని వయొలిను పెట్టెలో దొరకినట్లు చూపిరి. ప్రతివారము ముగింపున క్రొత్త యనుమానమును ఎరగా వేసి, ‘ఎవడు’ అను ప్రశ్ననే ప్రేక్షకునకు అలవాటు చేసిరి. ఆ పిమ్మట ‘ఎట్లు తెలియలేదు’ అను ప్రశ్నకు సమాధానము చెప్పబూనినచో వినువా డెవడు? పైగా రహస్యమును చివరివరకు బిగబట్టుటచే, భార్య దుఃఖమునకు దక్కవలసిన కాలము వంతెనపై తరుముటకును, ఆకాశయానమునకును వ్యయమైనది. గ్రేస్ న్యాయస్థానమున భర్త పక్షమున సాక్ష్యమిచ్చుటకు నిలిచి, ప్రశ్నలకు లొంగినట్లే కనబడుచు అతని నిజరూపమును బయటపెట్టిన ఘట్టము నాటకమునకు ప్రాణము. కథ అచ్చటనే ముగిసినచో ప్రేక్షకుని యాక్షేపము చాలవరకు తీరియుండెడిది.

రెండు నాటకములందును హంతకుడు భర్తయే. ఒకదానిని చూచినవారు శోకించిరి. రెండవదానిని చూచినవారు విసుగుకొనిరి. భేదము సమాధానమున లేదు. సమాధానము పిమ్మట మిగిల్చిన కాలమున ఉన్నది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని మనవారి సామెత. గుట్టు బయటపడుటతో చేటు ముగియదు. ఆ యింట మిగిలినవారు మరునాడు లేచి బిడ్డలకు అన్నము పెట్టవలసియున్నది. ఆ మరునాటిని చూపిన రచయితను ప్రేక్షకుడు మరువడు. ప్రేక్షకుడును తనవంతుగా జాక్ మార్షల్‌ను జ్ఞప్తియందుంచుకొనవలసియున్నది. తెరపై అనుమానము వినోదమే కావచ్చును. వీధిలో అది ఒక వృద్ధుని ప్రాణము.