బాలుని వివేకాన్ని తూచే త్రాసు

1986 నాటి బాలల న్యాయచట్టంలో మగపిల్లలకు 16 ఏళ్లు, ఆడపిల్లలకు 18 ఏళ్లు హద్దు. 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 చేసింది. ఇంతవరకు మేలే. 2015 నాటి చట్టం కూడా 18 నిండనివారే బాలలని నిర్వచించింది గాని, 15వ సెక్షనులో పక్కదారి తెరిచింది. 16 నిండిన పిల్లవానిపై ఘోరనేరం మోపబడితే బోర్డు అతని మానసిక, శారీరక సామర్థ్యాన్ని అంచనా వేసి పెద్దవానిగా విచారణకు పంపవచ్చును.

మంగంపేట ముగ్గురాయి గనులనే తీసుకుందాం. 17 ఏళ్ల కుర్రవాణ్ణి అక్కడ కూలికి దించడం చట్టానికి విరుద్ధం. పనిలో దొరికితే అతడు సంరక్షణ అవసరమైన బాలుడు. ఘోరనేరం మోపబడితే మాత్రం అతని వివేకాన్ని తూచే త్రాసు బయటికి వస్తుంది!

18 అనే అంకె షరీఅత్‌కు పరాయిదని కొందరు మిత్రులంటారు. ఆ మాట నిలవదు. బులూగ్ చిహ్నాలు కానరానప్పుడు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మగవానికి 18, స్త్రీకి 17 అన్నారు. శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరికీ 15 అన్నారు. శిక్షకు బులూగ్‌నే ఫిఖ్హ్ ప్రమాణంగా తీసుకున్నదన్నదీ నిజమే, దాచనక్కరలేదు. అయితే బులూగ్ వేరు, రుష్ద్ వేరు. అన్నిసా సూరా 6వ ఆయత్ యతీముల వివేకాన్ని పరీక్షించమన్నది వారి ఆస్తిని వారి చేతికి అప్పగించడానికి. 15వ సెక్షను పరీక్షిస్తున్నది పిల్లవానికి ఉన్న రక్షణను తీసివేయడానికి.