రెండు తీర్పులు

1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికల్లో మాకు మిక్కిలి ఇష్టమైన భాగం 1989 నాటి ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’. యంత్రమానవుడైన డేటాను విప్పి చూసి, అలాంటివారిని వేలకొద్దీ చేయాలంటాడొక శాస్త్రజ్ఞుడు. డేటా ఒప్పుకోడు, వ్యవహారం విచారణకొస్తుంది. చెయ్యి ఊడదీసి చూపే ఘట్టం కాస్త అతి. కాని ఎవరూ చేయనొల్లని చాకిరీకి వాడి పారవేసే జనం తయారవుతారని గైనన్ పాత్రలో వూపీ గోల్డ్‌బర్గ్ నెమ్మదిగా అన్నప్పుడు, ఒప్పందంపై వేలిముద్ర వేసి తోటలకొచ్చినవారి మనుమలమైన మనకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

డేటా గెలుస్తాడు. అతడు అధికారి, అతని పక్షాన కప్తానే వాదించాడు. మరి కూలీల మాట? దానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది. ‘వాయేజర్’లోని ‘ఆథర్, ఆథర్’లో, వెలుతురుతో చేసిన వైద్యునికి రచయితగా హక్కు దక్కుతుంది, మనిషిగా కాదు. చివరికి చూస్తే, అతని రూపంవాళ్ళే గనిలో చాకిరీ చేస్తుంటారు. ఒకడు పక్కవాడికి ఆ వైద్యుడి కథ చూడమని చెబుతాడు.