నమ్మకం ఎవరి చేతిలో ఉంది?

మూఢనమ్మకాన్ని చిత్రించిన ప్రతి రచనా అభివృద్ధి నిరోధకం కాదు. దాన్ని వెక్కిరించిన ప్రతి రచనా అభ్యుదయకరమూ కాదు. క్యూబా రచయిత అలెహో కార్పెంతియేర్ రెండు నవలలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ సంగతి బోధపడుతుంది.

మొదటిది 'ఎకూయె యాంబ ఓ'. 1927లో మచాదో ప్రభుత్వం తనను జైల్లో పెట్టినప్పుడు మొదలుపెట్టిన ఈ నవల 1933లో మాడ్రిడ్‌లో అచ్చయింది. క్యూబాలో బానిసత్వం 1886లో రద్దయింది గాని, నల్లవారి బతుకు చెరకు తోటలకే కట్టుబడి ఉంది. యజమానుల మతం చాటున వాళ్ళు తమ దేవతలను కాపాడుకున్నారు. సెయింట్ బార్బరాకు మొక్కుతూ పిడుగుల దేవుడు చాంగోను కొలిచారు. నవలలో మెనెగిల్దో కుటుంబం భూమిని చక్కెర మిల్లు మింగేస్తుంది. అతడు ఒక రహస్య సోదర సంఘంలో దీక్ష తీసుకుని, ప్రత్యర్థి ముఠాతో కొట్లాటలో చచ్చిపోతాడు. మంత్రతంత్రాలు, దీక్షా విధులు ఇందులో వివరంగా ఉన్నాయి. ఆ నమ్మకం లేనిదే ఆ మనిషి ఎందుకు బతకలేడో మాత్రం మనకు అందదు. ఈ నవల పట్ల తర్వాతి కాలంలో రచయితే అసంతృప్తి చెందాడు.

1943లో ఆయన పొరుగునున్న హైతీ వెళ్ళాడు. ఆ అనుభవంలోంచి 1949లో 'ఈ లోకపు రాజ్యం' వచ్చింది. తిరుగుబాటు నాయకుడు మకాందాల్‌ను 1758లో సజీవ దహనం చేశారు. నవలలో అతడు గాలిలోకి ఎగిరి తప్పించుకున్నాడని బానిసలు సంబరపడతారు. సైనికులు అతణ్ణి మంటల్లోకి తోసేశారని కూడా రచయిత దాచకుండా చెబుతాడు. నమ్మకం అబద్ధం, అది కూడగట్టిన ధైర్యం నిజం. 1791 తిరుగుబాటుకు ఆ ధైర్యమే ఊపిరి.

కథ అక్కడ ఆగితే నమ్మకానికి హారతి పట్టినట్టే. కాని నల్ల రాజు క్రిస్టోఫ్ కోట కడతాడు. దాన్ని ఎవరూ జయించలేరన్న నమ్మకంతో సున్నంలో ఎద్దుల రక్తం కలిపిస్తాడు. స్వేచ్ఛ పొందిన ముసలి టీ నోయెల్ మళ్ళీ కొరడా కింద ఇటుకలు మోస్తాడు. బానిసను నిలబెట్టిన నమ్మకమే పాలకుడి చేతిలో గోడ అయింది.

చివరికి టీ నోయెల్ జంతురూపాలు దాల్చి మనుషుల కష్టాలనుంచి పారిపోజూస్తాడు. అది తప్పని గ్రహించి, కొత్త యజమానులపై యుద్ధం ప్రకటిస్తాడు.

ఈ నవల ముందుమాటలో ప్రతిపాదించిన 'అద్భుత వాస్తవం' అన్న మాటను పట్టుకుని, అద్భుతాన్ని ఉంచుకుని వాస్తవాన్ని వదిలేసేవారు ఈ ముగింపును మళ్ళీ చదవాలి. నమ్మేవాణ్ణి చులకన చేయకుండా నమ్మకాన్ని విచారించడం రచయిత పని. ఆ నమ్మకం ఎవరి ఆకలిలోంచి పుట్టింది, ఎవరి అధికారానికి పనికొస్తోంది అన్న రెండు ప్రశ్నలనూ ఒకే కథలో వేయగలగడమే ఈ నవల సాధించిన విజయం.