ఓడిన కథనూ చదివే పోటీ

జపాన్ వారు మాంగా అని పిలుచుకునే బొమ్మల కథల రంగంలో కొత్త రచయితలూ చిత్రకారులూ అడుగుపెట్టేది ఎక్కువగా పత్రికలు నిర్వహించే పోటీల ద్వారానే. షూయేషా ప్రచురణ సంస్థ 1971లో ఒసాము తెజుకా పేరిట కథాప్రధానమైన మాంగాకూ, 1974లో ఫుజియో అకత్సుకా పేరిట హాస్య మాంగాకూ పురస్కారాలు నెలకొల్పింది. ఈ రెండూ ఆ రంగంలో అత్యంత ప్రసిద్ధమైన తొలిమెట్లుగా నిలిచాయి. అయితే ఈ సంప్రదాయపు విలువ బహుమతి సొమ్ములో కంటే, వచ్చిన ప్రతి రచననూ పత్రికా సంపాదకులు చదివే తీరులోనూ, బహుమతి దక్కనివారితో సైతం వారు కొనసాగించే సంబంధంలోనూ ఉంది.

దీని మూలాలు 1947లో వెలువడి 1955 వరకు నడిచిన 'మాంగా షోనెన్' అనే బాలల పత్రికలో కనిపిస్తాయి. దేశం నలుమూలల నుంచి బాలబాలికలు పంపిన బొమ్మలను ఆ పత్రిక పరిశీలించి, ఎంపికైనవాటిని ప్రచురించేది. తరువాతి కాలంలో మహామహులైన షోతారో ఇషినోమోరి, ఫుజియో అకత్సుకా వంటివారు తమ కిశోర ప్రాయంలో ఆ పుటలకు బొమ్మలు పంపినవారే. ఒకప్పుడు పాఠకుల పుటకు బొమ్మలు పంపిన కుర్రవాడి పేరిటే పాతికేళ్లు తిరగకముందే పురస్కారం వెలిసిందంటే, ఆ పుట ఎంత పని చేసిందో ఊహించవచ్చు.

పోటీకి పంపవలసినది సాధారణంగా 'యోమికిరి', అంటే ఒకే విడతలో మొదలై ముగిసే పొట్టి కథ. తెజుకా పురస్కారం వంటి పోటీల్లో చాలాకాలం పాటు దీనికి 31 పేజీల హద్దు ఉండేది. ఆ హద్దుకు తగ్గట్టు కథ కూర్చడంలోనే శిల్పమంతా ఉంది. బొమ్మకు సిరా పెట్టక ముందు రచయిత 'నేము' సిద్ధం చేస్తాడు. ఏ పేజీలో ఎన్ని గడులు ఉండాలి, ఏ గడిలో ఎవరు ఎటు చూస్తుండాలి, మాటల బుడగ ఎక్కడ రావాలి అన్నది పెన్సిలుతో గబగబా గీసుకున్న ముసాయిదాయే నేము. అందులో ముఖాలు గుండ్రటి గీతలుగానే ఉండవచ్చు, చేతులు పుల్లల్లా ఉండవచ్చు. అయినా అనుభవం గల సంపాదకుడు దాన్ని చూసి కథ నిలుస్తుందో లేదో చెప్పగలడు. బొమ్మలు వేయడం రానివారు కేవలం నేముతోనే పాల్గొనేలా ఒక విభాగాన్ని సైతం షూయేషా వారు తమ 'స్టోరీ కింగ్' పోటీలో పెట్టారు. అందులో నెగ్గిన రీచిరో ఇనగాకి 2002లో యూసుకే మురాతా బొమ్మలతో 'ఐషీల్డ్ 21' మొదలుపెట్టాడు.

నేములో కొత్తవారు తరచు తడబడేది పేజీ తిప్పే చోటనే. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక, తెరిచి ఉన్న రెండు పేజీలలో పాఠకుడు చివరగా చూసేది ఎడమ పేజీ అడుగున ఎడమ మూల ఉన్న గడిని. అక్కడ తలుపు చప్పుడు వినిపించి, కథానాయిక తల తిప్పి చూస్తే, పాఠకుడి చేయి దానంతటదే పేజీ తిప్పుతుంది. వచ్చినవాడు ఎవరన్నది తరువాతి కుడి పేజీ పైభాగాన పెద్ద గడిలో కనబడాలి. అదే ముఖాన్ని పొరపాటున ఎడమ పేజీలోనే వేస్తే, పేజీ తిప్పగానే పాఠకుడి చూపు ముందుగా దాని మీదే పడి, కుడి పేజీలోని ఉత్కంఠ అంతా నీరుగారిపోతుంది. 31 పేజీల కథలో మొదటి పేజీ ఎడమవైపు ఒంటరిగా నిలుస్తుంది, మిగిలిన ముప్పై పేజీలు పదిహేను జంటలవుతాయి. అంటే ఇటువంటి మలుపుకు రచయితకు దొరికే అవకాశాలు పదిహేనే. ఆ పదిహేనింటినీ ఎలా వాడుకున్నాడన్న దాన్నిబట్టి కొత్తవాడి ప్రజ్ఞను అంచనా వేయవచ్చు.

న్యాయనిర్ణేతలు అత్యున్నత బహుమతిని ఇవ్వకుండా ఆపేసిన సందర్భాలు తక్కువేమీ కావు. ఆ కాఠిన్యం సబబైనదే, ఎందుకంటే రెండో మెట్టు దగ్గర ఆగిపోయినవారినీ పత్రిక వదిలిపెట్టదు. ఎయిచిరో ఓదా 1992లో పదిహేడేళ్ల వయసులో 'వాంటెడ్!' అనే కథకు తెజుకా పోటీలో ద్వితీయ శ్రేణి గుర్తింపు పొందాడు; అతని 'వన్ పీస్' 1997లో ఆరంభమైంది. అకిరా తొరియామా వృత్తాంతం ఇంకా ముఖ్యమైనది. అతడు పోటీకి పంపినవి నెగ్గలేదు. అయినా కజుహికో తొరిషిమా అనే యువ సంపాదకుడు ఆ పేజీలలోని చేతి నైపుణ్యాన్ని గుర్తించి, ఆ తరువాత వందల పేజీలు తిప్పికొడుతూ, మళ్లీ గీయిస్తూ వచ్చాడు. 1980లో 'డాక్టర్ స్లంప్', 1984లో 'డ్రాగన్ బాల్' వెలువడ్డాయి. పోటీ ఫలితం మాత్రమే ప్రమాణమై ఉంటే ఈ రెండూ పుట్టేవి కావు. కొత్తవాడికి ఇలా అండగా నిలిచే సంపాదకుణ్ణి అక్కడ 'తాంతో' అంటారు. పోటీదారులు ఎందరో బహుమతి కంటే తాంతో దొరకడాన్నే పెద్ద గెలుపుగా భావిస్తారు.

ఈ వ్యవస్థలో లోపం లేకపోలేదు. పత్రిక అభిరుచికి ఒదగని చేయి తొలి వడపోతలోనే జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. జపాన్ భాష రానివారికి తలుపు చాలాకాలం మూసే ఉంది. 2012లో మొదలైన 'సైలెంట్ మాంగా ఆడిషన్' ఆ తలుపును కొంత తెరిచింది. మాటల బుడగ ఒక్కటీ లేకుండా, ముఖకవళికలతోనూ గడుల అమరికతోనూ కథ నడపాలన్న నియమం వల్ల ఏ భాషవారైనా సమానంగా పోటీపడగలిగారు.

తెలుగు పత్రికలకు పోటీలు కొత్త కాదు. చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీ, వారపత్రికల దీపావళి కథల పోటీలు, కార్టూన్ల పోటీలు తరాల పాఠకులకు సుపరిచితాలు. కానీ వాటిలో తిరిగివచ్చిన రచనకు కారణం తెలిసేది చాలా అరుదు. బొమ్మల కథ అనేది రచనా చిత్రమూ కలిసి సాగవలసిన కళ కనుక, అందులో దారి చూపేవారి అవసరం మరింత ఎక్కువ. తెలుగులో ఏ పత్రిక అయినా ఇటువంటి పోటీ పెట్టదలచుకుంటే, బహుమతి మొత్తాన్ని నిర్ణయించడానికి ముందు, ఓడిన ప్రతి ముసాయిదా మీద నాలుగు వాక్యాలు రాసి పంపగల ఒక సంపాదకుణ్ణి నియమించుకోవాలి.